తలుపు తట్టడం నేర్చుకున్న డెల్ఫా

మా లారెల్ లోయలో తలుపు తట్టే మనిషిని ఎవరూ నమ్మరు. పోలీసులు తడతారు. బాకీ వసూలుకొచ్చేవాళ్లు తడతారు. బొగ్గుగనిలో పైకప్పు కూలినప్పుడు టోపీ చేత్తో పట్టుకుని కబురు తెచ్చే సూపర్‌వైజరు తడతాడు. మనవాళ్లెవరూ తట్టరు. మనవాళ్లు వాగు దాటుతుండగానే "హో! ఇంట్లో ఎవరన్నా ఉన్నారా?" అని కేక పెడతారు. ఆ కేక పూర్తయ్యేసరికి వంటింట్లోకి వచ్చేసి, పొయ్యి మీద గిన్నె మూత తీసి వాసన చూస్తుంటారు. పొరపాటున తలుపు తట్టిన చప్పుడు వినబడిందా, టీవీ ఆపేసి, ఊపిరి బిగబట్టి, వచ్చినవాడు విసిగి వెళ్లిపోయేదాకా కదలకుండా కూర్చుంటాం. పిల్లలకు ప్రార్థన కంటే ముందు నేర్పేది ఇదే.

ఇలాంటి లోయలో పుట్టి పెరిగిన డెల్ఫా స్లోన్ అరవయ్యో పడికి దగ్గరపడ్డాక తలుపు తట్టడం నేర్చుకోవలసి వచ్చింది. నర్సింగ్ అసిస్టెంట్ పరీక్షకు కూర్చోవాలంటే ముందు ఆ అర్హత సంపాదించాలి. ఆ అర్హత దగ్గరే ఆమె తల ప్రాణం తోకకొచ్చింది. అదే తరగతిలో ఆమె పక్క బల్ల మీద నేనూ కూర్చున్నాను కాబట్టి ఈ కథ చెప్పే హక్కు నాకుంది. నేను పనిచేసే పచారీ కొట్టు మూతపడింది, మా ఊళ్లో ఇక మిగిలిన వ్యాపారం ముసలితనం ఒక్కటే. అందుకని నేనూ చేరాను.

డెల్ఫా మంచి మనిషి అని లోయంతా అంటుంది. ఆ మాట అన్నవాళ్లెవరూ ఆమెకు ఒక రోగిని అప్పజెప్పకుండా ఊరుకోలేదు. మొగుడు టాల్మజ్ పెళ్లయిన కొన్నేళ్లకే గనిలో పోయాడు. తర్వాత ఊపిరితిత్తుల్లో బొగ్గు నిండిన మామగారిని ఆమే చూసింది. మతి తప్పిన అత్తగారిని ఆమే చూసింది. ఆ తర్వాత ఒక బాబాయి, ఆపైన ఆడపడుచు ఇమోజీన్ అత్తగారు. ఆ చివరావిడ డెల్ఫాకు చుట్టరికం కూడా కాదు. ప్రతి సమాధి దగ్గరా పాస్టరు డెల్ఫా మనసును పొగిడేవాడు. ఆ వెంటనే చర్చి హాల్లో కోడి వేపుడూ బంగాళాదుంపలూ తింటూ బంధువులు మంచం పట్టబోయే తర్వాతి మనిషి ఎవరా అని ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు.

అలాంటి డెల్ఫా ఒకరోజు చెప్పాపెట్టకుండా, రోడ్డు మలుపులో ఉన్న ముసలివాళ్ల హోమ్‌లో శిక్షణలో ఉన్న సహాయకురాలిగా చేరింది.

"ఇంట్లో చేసే పనే కదా వదినా, అక్కడ చేస్తే ఉద్యోగం అయిపోద్దా?" అంది ఇమోజీన్.

"అక్కడైతే సాయంత్రం ఇంటికి పంపిస్తారు," అంది డెల్ఫా.

కానీ హోమ్‌లో ఉద్యోగం నిలవాలంటే గడువులోగా పరీక్షకు అర్హత తెచ్చుకోవాలి. తరగతులు పూర్తి చెయ్యాలి, హోమ్‌లో ముసలివాళ్ల మధ్య పని చేసి చూపించాలి, క్షయ లేదని పరీక్ష చేయించుకోవాలి, పోలీసు కేసులు లేవని రాయించుకు రావాలి. స్టేషన్లో డిప్యూటీ ఆమె పేరు మీద ఎంత వెతికినా ఏమీ దొరక్క, "నిజంగా నువ్వు స్లోన్‌ల కోడలివేనా?" అని అనుమానంగా చూశాడట. అవన్నీ ఒక ఎత్తు. చివర్లో పాఠం చెప్పే నర్సు, "ఈమె అన్నీ సరిగ్గా చేస్తోంది" అని సంతకం పెట్టాలి. ఆ సంతకం లేకపోతే పరీక్ష గది గుమ్మం కూడా తొక్కనివ్వరు. మళ్లీ తరగతులు వసంతంలోనే.

సరిగ్గా అప్పుడే మరిది రాన్సమ్ తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆయన జిల్లా ఆఫీసులో ఏ పనీ చెయ్యకుండానే అలిసిపోయి రిటైరైన మనిషి. ఈసారి ఎన్నికల్లో నిలబడి, తన బొమ్మ ఉన్న పోస్టరును తనే కట్టుకుంటూ నిచ్చెన మీంచి పడ్డాడు. లెక్సింగ్టన్ పట్నం ఆసుపత్రిలో తుంటి మార్చారు. ఇంటికొచ్చాక నెలల తరబడి ఒకరు పక్కనుండి లేపాలి, నడిపించాలి, కడగాలి. ఆదివారం చర్చి అయ్యాక ఇమోజీన్ ఇంట్లో అందరూ భోజనాలకు కూర్చున్నారు. చిక్కుడుగింజల గిన్నె చేతులు మారుతుండగానే విషయం తేలిపోయింది.

"రాన్సమ్ తిన్నగా వదినింటికే వత్తాడు. ముందు గది ఖాళీయేగా," అంది ఇమోజీన్, మొక్కజొన్న రొట్టె విరుస్తూ.

"నాకు ఉద్యోగం ఉంది," అంది డెల్ఫా.

"ఉంది ఉంది. పరీక్ష అయ్యాక ఉంటదో లేదో చూద్దాంలే. ఈ వయసులో పరీక్షలేంటి వదినా, కళ్లు పోతాయ్. నీ మంచికోసమే చెప్తున్నా."

బల్ల చుట్టూ అందరూ తలలూపారు. డెల్ఫా మంచి కోరడంలో స్లోన్‌లను మించినవాళ్లు లేరు. ఆమె పరీక్ష తప్పాలని ఆ రోజు నుంచి కుటుంబమంతా ఎంతో ప్రేమగా ఎదురుచూడటం మొదలుపెట్టింది.

డెల్ఫా తప్పేలాగే ఉంది కూడా. మాకు పాఠం చెప్పే పెంబర్టన్ మేడమ్ లెక్సింగ్టన్ నుంచి వచ్చేది. ఇస్త్రీ నలగని తెల్ల కోటు, ఎప్పుడూ గడియారం మీదే చూపు. చీకటిపడ్డాక మా కొండదారిలో కారు నడపాలంటే ఆమెకు చచ్చేంత భయం. తరగతి గదిలో మంచం మీద ఒక ప్లాస్టిక్ బొమ్మ పడుకుని ఉండేది. ఏ పని చేసి చూపించినా ముందు తలుపు బదులు గోడ మీద తట్టాలి, బొమ్మకు మన పేరు చెప్పాలి, ఏం చెయ్యబోతున్నామో చెప్పాలి, సరేనా అని అడగాలి. ఆ తర్వాతే చెయ్యి వెయ్యాలి.

డెల్ఫా గబగబా వెళ్లి దుప్పటి లాగేసి, బొమ్మను ఒక్క పట్టున పక్కకు దొర్లించి, వీపు తుడిచి, దుప్పటి మార్చేసింది. మేము ఇంకా చేతులు కడుక్కుంటూనే ఉన్నాం.

"మీరు తలుపు తట్టలేదు. మంచం మీదావిడను అడగనే లేదు," అంది పెంబర్టన్ మేడమ్.

"తడిసిన పక్క మీదుంటే అడిగేదేంటండీ? అడిగితే వద్దంటారు. రోగం మనుషులు అన్నిటికీ వద్దనే అంటారు. అందుకే అడక్కూడదు."

"వద్దంటే ఆగాలి. అది వాళ్ల హక్కు."

డెల్ఫా నా వైపు తిరిగింది. ఆమె పెదాల చివర నవ్వు ఆగడం లేదు. ఇంటికెళ్లే దారంతా నవ్వుతూనే ఉంది. "వద్దంటే ఆగాలట ట్రీవా! మా అత్తను అడిగి స్నానం చేయించుంటే, ఆవిడను ఒంటి మురికితోనే పూడ్చిపెట్టేవాళ్లం."

మేడమ్ నవ్వలేదు. ప్రతిరోజూ అదే తప్పు, ప్రతిరోజూ సున్నా. మిగతావాళ్లం గోడ మీద వేలితో ఓ గీకు గీకి మా సున్నా తప్పించుకునేవాళ్లం. ఆ దొంగ తట్టు కూడా డెల్ఫాకు రాదు. చెయ్యి పైకి లేస్తుంది, గోడ దాకా వెళ్తుంది, మళ్లీ దిగిపోతుంది. ఓసారి మేడమ్ విసుగెత్తి, తలుపు తట్టడానికి అంత కష్టమేంటని అందరి ముందే అడిగేసింది.

డెల్ఫా చేతులు బట్టలకు తుడుచుకుంది. "మా ఇంటి తలుపు ఒక్కసారే తట్టారండీ. తీశాను. గని సూపర్‌వైజరు. ఆయన నోరు తెరవకముందే నాకు తెలిసిపోయింది. ఆ చప్పుడు నా చేత్తో నేనెట్టా చెయ్యను?"

పెంబర్టన్ మేడమ్ గడియారం చూడటం మానేసింది.

"నాకు చాలా బాధగా ఉంది, మిసెస్ స్లోన్. అయినా తట్టాలి," అంది. ఆ మాటకు నాకు ఒళ్లు మండిపోయింది. ఈ రోజుకీ ఆవిడ అన్నది తప్పని మాత్రం అనలేను.

తర్వాత మమ్మల్ని హోమ్‌కు తీసుకెళ్లారు. అక్కడే అసలు తమాషా. పొద్దున్నే వేడివేడి బిస్కెట్ రొట్టెలు, వాటి మీద పోసుకునే తెల్ల గ్రేవీ ఉన్న ట్రేలు పట్టుకుని వరండాలో వరసగా నిలబడ్డాం, ఒక్కో తలుపు దగ్గర ఒక్కొక్కరం. మేడమ్ సైగ చేసింది. డెల్ఫా తప్ప అందరం తట్టాం.

అంతే, అప్పటిదాకా గోలగా ఉన్న వరండా ఒక్కసారిగా మూగబోయింది. టీవీలు ఆగిపోయాయి. దగ్గులు ఆగిపోయాయి. ఒక గదిలో మంచం కింద ఏదో సీసా దొర్లిన చప్పుడైంది. మా లోయ ముసలివాళ్లంతా, మంచం మీంచి లేవలేనివాళ్లు కూడా, చక్కగా దాక్కున్నారు.

"వీళ్లందరికీ వినబడదా?" అంది మేడమ్ కంగారుగా.

"వినబడింది కాబట్టేనండీ," అన్నాను నేను.

నా ముందు తలుపు లోపలి నుంచి ఆర్బ్యుటస్ నాప్యర్ అనే ముసలావిడ గొంతు సన్నగా వినిపించింది. "ఇంట్లో ఎవరూ లేరు!"

మేడమ్ ఇంకాసేపు ఆగమంది. జవాబు వచ్చేదాకా లోపలికి వెళ్లకూడదని రూలు. లోపలివాళ్లకేమో తట్టినవాడు వెళ్లేదాకా పలకకూడదని రూలు. ఇద్దరి రూళ్ల మధ్య గ్రేవీ గడ్డకట్టింది. ఆఖరికి మేడమ్ నీళ్లు తాగడానికి అటు వెళ్లగానే డెల్ఫా వరండా మధ్యలో నిలబడి "హో! ఎవరన్నా ఉన్నారా?" అని ఒక్క కేక పెట్టింది. అన్ని గదుల్లోంచీ "రావే, రా! బిస్కెట్లు చల్లారిపోతున్నాయి!" అని ఒకటే గోల. ఆ రోజు అందరి కడుపులూ నిండాయి. మేడమ్‌కు సంగతి తెలిసింది. డెల్ఫాకు మళ్లీ సున్నా.

తరగతులు అయిపోవచ్చాయి. మా అందరికీ సంతకాలు పడ్డాయి. డెల్ఫాకు మేడమ్ చిట్టచివరి అవకాశం ఇచ్చింది. శనివారం సాయంత్రం హోమ్‌లో ఉండే హోబర్ట్ కాడిల్‌కు గడ్డం గీయాలి, అన్నీ పద్ధతి ప్రకారం జరగాలి. ఒక్కటి తప్పినా ఇక వసంతంలోనే. ఆ శనివారం పొద్దున్నే ఇమోజీన్ తమ్ముడి బట్టల సంచీ తెచ్చి డెల్ఫా ముందు గదిలో పెట్టేసి వెళ్లింది. రాన్సమ్‌ను సోమవారం ఆసుపత్రి నుంచి పంపిస్తున్నారు. సంచీ మీద అతని దువ్వెన, చుట్టల పెట్టె, ఎన్నికల టోపీ కూడా పెట్టింది. డెల్ఫా ఆ టోపీ వైపు చాలాసేపు చూసి హోమ్‌కు బయల్దేరింది.

హోబర్ట్ తాత వయసులో ఉన్నప్పుడు కొండ మీద సారా కాసేవాడు. తలుపు తట్టిన చప్పుడుకు కిటికీలోంచి దూకడంలో జిల్లాలో ఆయనకు సాటి లేదు. ఇప్పుడు కాళ్లు లేవవు. హోమ్‌లో పెట్టిన దగ్గర్నుంచి ఆయన గదిలోకి అందరూ వస్తూ పోతూ ఉంటారు. లేపుతారు, పడుకోబెడతారు, మాత్ర నోట్లో వేస్తారు, ఆయన చూస్తున్న టీవీ ఆపేస్తారు. తిట్టడం తప్ప ఆయనకు చెయ్యడానికేమీ మిగల్లేదు. ఆ ఒక్క పనీ శ్రద్ధగా చేసేవాడు.

మేడమ్ కాగితం పట్టుకుని వరండాలో నిలబడింది. నన్ను సబ్బునీళ్ల గిన్నె పట్టుకోమని పక్కన నిలబెట్టారు. డెల్ఫా తలుపు ముందు నిలబడింది. చెయ్యి ఎత్తింది. కళ్లు మూసుకుని తట్టింది.

లోపల టీవీ ఆగిపోయింది.

"హోబర్ట్ మామా!" అంది డెల్ఫా, తలుపుకు నోరు దగ్గర పెట్టి. "నేను డెల్ఫాని. టాల్మజ్ పెళ్లాన్ని, ఓలా కూతుర్ని. పోలీసులు కాదు."

కాసేపటికి లోపలి నుంచి, "మనదానివైతే తట్టడమేంటే?" అని వినిపించింది.

"ఇది నీ ఇల్లు కాబట్టి. నీకు గడ్డం గీద్దామని వచ్చా. లోపలికి రావచ్చా?"

మళ్లీ నిశ్శబ్దం. ఈసారి అది దాక్కున్న నిశ్శబ్దం కాదు, ఆలోచిస్తున్న నిశ్శబ్దం. ఆయన్ను ఎవరైనా ఏదైనా అడిగి ఎన్నాళ్లయిందో మరి.

"వద్దు," అన్నాడు హోబర్ట్ తాత.

నా చేతిలో గిన్నె ఒలికినంత పనైంది. డెల్ఫా తలుపు పిడి మీద చెయ్యి వేసింది. జీవితమంతా ఆమె చేసింది అదే కదా, వద్దన్నవాళ్లను పట్టుకుని కడగడం. పిడి సగం తిరిగింది. తర్వాత ఆమె చెయ్యి తీసేసింది.

"ఎందుకు వద్దు మామా?"

"ఆట నడుస్తోంది. ఆట అయ్యాక రా."

టీవీ మళ్లీ మోగింది. బాస్కెట్‌బాల్ ఆట, అప్పుడే మొదలైంది. లోపల హోబర్ట్ తాత చిన్నగా ఈల వేయడం వినబడింది. ఆ మనిషి గదిలోంచి ఈల వినడం అదే మొదటిసారి అని తర్వాత హోమ్ వాళ్లు చెప్పారు.

మేము నిలబడ్డాం. కిటికీలో కొండ మీద వెలుతురు పల్చబడింది. పెంబర్టన్ మేడమ్ గడియారం చూసుకుంది, కిటికీ చూసింది, మళ్లీ గడియారం చూసుకుంది. నీళ్లు చల్లారిపోతే నేను రెండుసార్లు వెళ్లి మార్చుకొచ్చాను. చివరికి మేడమ్ డెల్ఫా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"మీరు తట్టారు కదా, నేను చూశాను. ఇక వెళ్లిపోండి లోపలికి. గబగబా గీసేస్తే సంతకం పెట్టేస్తాను. చీకటిపడితే ఆ ఘాట్ రోడ్డు మీద..."

డెల్ఫా ఆవిడ వైపు చూసింది. కోపంగా కాదు. తరగతిలో మేడమ్ మమ్మల్ని చూసే చూపే, కొంచెం జాలిగా.

"ఆయన వద్దన్నాడు మేడమ్. వద్దంటే ఆగాలి. అది ఆయన హక్కు."

మేడమ్ మొహం కందిపోయింది. చదువుకున్న మనిషి, తన మాట తనకే తగిలితే మొహం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. నాకు మహా సంతోషంగా ఉందని ఒప్పుకుంటాను. ఆవిడ వెళ్లి ఒక కుర్చీ తెచ్చుకుని కూర్చుంది. కాసేపటికి ఇంకో కుర్చీ తెచ్చి డెల్ఫాకు వేసింది.

ఆట అయిపోయేసరికి బయట బాగా చీకటైంది. మా జట్టే గెలిచింది. "ఓసేయ్ డెల్ఫా! ఇంకా ఉన్నావా?" అని లోపలి నుంచి కేక.

"ఉన్నా మామా."

"అయితే రా."

ఆమె లోపలికి వెళ్లి, మంచం చక్రాలకు బ్రేకు వేసి, తువ్వాలు కప్పి, మేకపిల్లను ముట్టుకున్నంత మెల్లగా నురగ పూసి గడ్డం గీసింది. ఒక్కో పని మొదలుపెట్టే ముందు అడిగింది. ఆయన ప్రతిసారీ కావాలని కాసేపు ఆలోచించి, దొరలా "ఊఁ" అన్నాడు. పని అయ్యాక పిలుపు గంట ఆయన చేతికి అందేలా పెట్టింది. పెంబర్టన్ మేడమ్ సంతకం పెట్టింది. ఘాట్ రోడ్డు మీదకు ఒంటరిగా పోలేక ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకుంది. మా వాళ్లు వంటింటి దారిన లోపలికొచ్చిన ప్రతిసారీ ఉలిక్కిపడుతూనే ఉంది.

డెల్ఫాకు అర్హత వచ్చిందన్న కబురు లోయకు చేరకముందే సోమవారం వచ్చింది. పరీక్ష ఆ వారాంతంలోనే. నేనూ డెల్ఫా కలిసి ఆమె వంటింట్లో పుస్తకం తెరుచుకుని కూర్చున్నాం. రాన్సమ్ సంచీ, దాని మీద టోపీతో సహా, బయట వరండాలో ఉంది. వంటింటి తలుపుకు మెరుస్తున్న కొత్త గడియ ఉంది. దాన్ని ఎప్పుడు బిగించిందో నాకు తెలియదు. మా లోయలో తలుపుకు గడియ పెట్టినవాళ్లను నేను అప్పటిదాకా చూడలేదు.

వాగు వైపు నుంచి కారు చప్పుడైంది. నడవడానికి ఆసరాగా పట్టుకునే వాకర్ టకటకలాడింది. "హో! వదినా! వచ్చేశా! చిక్కుడుగింజలు ఉడికినాయా?" అని కేక. కేకతోపాటే తలుపు ఊగింది. తెరుచుకోలేదు. మళ్లీ ఊగింది.

"వదినా? ఈ తలుపుకేమైంది?"

డెల్ఫా పలకలేదు. నన్ను పలకొద్దని వేలు చూపించింది. బయట చాలాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత రాన్సమ్ స్లోన్, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, మనవాళ్ల ఇంటి తలుపు తట్టాడు.

డెల్ఫా లేచి వెళ్లి ముందు గదిలో మోగుతున్న టీవీ ఆపేసింది. వచ్చి కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"నువ్వు లోపలే ఉన్నావని తెలుసు వదినా. ట్రీవా బండి ఇక్కడే ఉందిగా." గొంతు కొంచెం తగ్గింది. ఇంకొంచెం తగ్గింది. "వదినా... లోపలికి రావచ్చా?"

ఆ మాట వినగానే డెల్ఫా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లలో ఆ ఇంట్లోకి వచ్చినవాళ్లలో ఒక్కరు కూడా ఆమెను ఆ మాట అడగలేదు. ఆమె తొందరపడలేదు. హోబర్ట్ తాత ఆలోచించినంతసేపూ ఆలోచించింది.

"వద్దు రాన్సమ్," అంది తీయగా. "పరీక్ష అయ్యాక రా. మంచం ఇవ్వను, టీ మాత్రం ఇస్తా."

వాకర్ చప్పుడు మెట్లు దిగింది. తీసుకొచ్చినవాళ్ల కారు తలుపు పడింది. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను, కారు వాగు దాటి, మలుపు తిరిగి, తిన్నగా ఇమోజీన్ ఇంటి ముందు ఆగింది. ఇమోజీన్ ఇంటి తలుపుకు గడియ లేదు.